అప్పు లేనివాడు, ఇల్లు విడవనివాడు: నగరోద్యోగి నివాస నిర్ణయంలోని ధర్మప్రశ్న

మహానగరంలో ఉద్యోగం చేస్తూ, ఆ నగరానికి నలభై యాభై కిలోమీటర్ల దూరంలోని చిన్న పట్టణంలో కాపురముండి రోజూ వెళ్లివచ్చే జీవితాన్ని తెలుగువారు ‘అప్ అండ్ డౌన్’ చేయడం అంటారు. అటువంటి జీవితానికి ఏ ఊరు తగినది అన్న విచారణ సాధారణంగా ఇంటి అద్దె, గజం ధర, నెలనెలా కట్టవలసిన కిస్తు, ప్రయాణానికి పట్టే సమయం అనే అంకెల దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. ఆ అంకెలు అవసరమైనవే. అయినా మనిషి ఎక్కడ నివసించాలి అన్న ప్రశ్నను ధర్మసూత్రాలు, బౌద్ధ సుత్తాలు, ఇస్లాం సంప్రదాయం కూడా తమ పరిధిలోకి తీసుకున్నాయంటే, అది డబ్బు లెక్కతో తెగే ప్రశ్న కాదని అవి గుర్తించినందువల్లనే. నివాసం ఫలానా చోట అని నిర్ణయించుకున్నప్పుడే ఒక మనిషి దినంలో ఎంత భాగం ఎవరికి దక్కుతుందో, ఎవరికి దక్కకుండా పోతుందో కూడా నిర్ణయమైపోతుంది. ఆ ఫలితాన్ని అనుభవించవలసిన ముసలి తల్లిదండ్రులు, పసిపిల్లలు, ఇరుగుపొరుగు, ఆ ఊళ్లో ముందునుంచీ ఉన్నవారు నిర్ణయం జరిగే వేళ మాట చెప్పే స్థానంలో ఉండరు.

మహాభారతం అరణ్యపర్వం చివర యక్షుడికీ ధర్మరాజుకూ మధ్య జరిగే ప్రశ్నోత్తరాలు, తెలుగు భారతంలో ఎఱ్ఱన పూరించిన భాగంలోకి వచ్చే ఘట్టం, ఈ విచారణను ఎక్కడ మొదలుపెట్టాలో చూపుతాయి. సంతోషంగా ఉండేవాడెవడు అని యక్షుడు అడిగినప్పుడు సంస్కృత మూలంలో ధర్మరాజు ఇచ్చే సమాధానం పైకి చాలా సామాన్యంగా కనిపిస్తుంది: ఎంత ఆలస్యంగానైనా తన ఇంట్లో ఇంత ఆకుకూర వండుకోగలిగి, అప్పు లేకుండా, ఇల్లు విడిచి పరాయి చోట తిరగవలసిన పని లేకుండా బతికేవాడే సంతోషి అని ఆయన అంటాడు. అప్పు లేనివాణ్ణి ఆ సమాధానం ‘అనృణి’ అంటుంది, ఇల్లు విడిచి ఉండనివాణ్ణి ‘అప్రవాసి’ అంటుంది. పన్నెండేళ్ల వనవాసం ముగియవచ్చిన వేళ, నలుగురు తమ్ముళ్లూ మడుగు ఒడ్డున విగతజీవులై పడి ఉండగా చెప్పిన మాట గనుక, జూదంలో రాజ్యాన్నీ ఇంటినీ పోగొట్టుకున్నవాడు చెప్పిన మాట గనుక, దాన్ని సుభాషితంగా తలచి దాటిపోవడం సరికాదు.

ధర్మరాజు సమాధానంలో అనృణిత్వం, అప్రవాసం ఒకదానికొకటి తోడుగా ఉంటాయి. నేటి మహానగరం వాటిని ఒకదానికొకటి ఎదురు నిలబెట్టింది. హైదరాబాదునే తీసుకుంటే, మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాల్లో కేంద్రీకృతమైన ఉద్యోగాలకు దగ్గరలో ఇల్లు కొనదలచిన మధ్యతరగతి కుటుంబం ఇరవై ఏళ్లో అంతకుమించో బ్యాంకు ఋణంలో ఉండిపోవాలి. ఆ ఋణభారం తగ్గాలంటే షాద్‌నగర్, సంగారెడ్డి, మేడ్చల్, ఘట్‌కేసర్, భువనగిరి వంటి చోట్లకు వెళ్లి, తగ్గిన ఋణానికి బదులుగా ప్రవాసాన్ని ఒప్పుకోవాలి. అనృణి కావాలనుకున్నవాడు ప్రవాసి కాక తప్పదు, అప్రవాసిగా ఉండాలనుకున్నవాడు ఋణగ్రస్తుడు కాక తప్పదు. ఊరి ఎంపికలోని అసలు ధర్మసంకటం ఇదే. ఎవరైనా దీన్ని పూర్తిగా పరిష్కరించగలరని నమ్మడం కష్టం గాని, రెండింటిలో దేన్ని ఎంతవరకు ఒప్పుకోవచ్చునో విచారించడం సాధ్యమే.

ఇక్కడ ఒక ఆక్షేపం రావచ్చు. ప్రతి రాత్రీ సొంత ఇంటికి చేరి తన మంచం మీద నిద్రపోయేవాణ్ణి ప్రవాసి అనడం న్యాయమా అని ఎవరైనా అడగవచ్చు. ఈ ఆక్షేపానికి ఇస్లాం ధర్మశాస్త్రంలో, అంటే ఖురాన్, ప్రవక్త ఆచరణల ఆధారంగా నిత్యజీవిత విధులను నిర్ణయించే ఫిఖ్‌లో, ఆలోచింపజేసే సమాధానం దొరుకుతుంది. ప్రయాణంలో ఉన్నవాడికి, అంటే ముసాఫిర్‌కు, నాలుగు రకాతుల (ఆవృత్తుల) నమాజును రెండుగా కుదించుకునే వెసులుబాటు ఉంది. రంజాన్ ఉపవాసాన్ని తరువాతి రోజుల్లో తీర్చుకునే వీలూ ఉంది. హైదరాబాదు పాతబస్తీలోని షియాలు అనుసరించే జాఫరీ సంప్రదాయం ప్రకారం ఈ వెసులుబాటు వర్తించాలంటే వెళ్లిరావడం కలిపి కనీసం ఎనిమిది ఫర్సఖ్‌ల దూరం, అంటే సుమారు 44 కిలోమీటర్లు, ప్రయాణం ఉండాలి. భువనగిరి నుంచి నగరానికి వచ్చిపోయేవాడు ఆ దూరాన్ని రోజూ సులువుగా దాటుతాడు. అయినప్పటికీ అదే సంప్రదాయం ప్రయాణమే వృత్తి అయినవాడికీ, పని కోసం నిరంతరం ప్రయాణించేవాడికీ ఆ వెసులుబాటు లేదంటుంది. వివరాల్లో పండితుల మధ్య తేడాలున్నా, అటువంటివాడు నమాజును పూర్తిగానే చేయాలన్నది స్థూలంగా అంగీకృతమైన మాట. ప్రయాణం ఎప్పుడో ఒకసారి వచ్చిపడే అంతరాయంగా ఉన్నంతవరకే విధులు సడలుతాయి, అదే జీవనస్థితిగా మారాక విధులన్నీ యథాతథంగా తిరిగివస్తాయి. రోజూ అప్ అండ్ డౌన్ చేసేవాడి పరిస్థితిని ఇంతకన్నా స్పష్టంగా చెప్పిన సూత్రం మరొకటి కనిపించదు, ఎందుకంటే అతనికి యాత్రికుడి అలసట పూర్తిగా ఉంది, యాత్రికుడికి దొరికే మినహాయింపు మాత్రం లేదు. పిల్లవాడి చదువు, తండ్రి మందులు, పొరుగింటి చావు, ఊరి పండుగ వీటిలో ఏ ఒక్కటీ అతను దారిలో ఉన్నాడని ఆగదు.

ఆ దారి ఎంత పొడవైనదో కొంత వివరంగా చూడవలసి ఉంది. భువనగిరినే ఉదాహరణగా తీసుకుంటే, అది హైదరాబాదుకు తూర్పున, సికింద్రాబాద్–కాజీపేట రైలుమార్గం మీద ఉంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో అధికభాగం నగరానికి పడమర ఉన్నాయి. పోచారంలో ఇన్ఫోసిస్ ప్రాంగణం వంటివి తూర్పున వచ్చినా మొగ్గు ఇప్పటికీ పడమటికే. అందువల్ల యాభై కిలోమీటర్ల లోపే నగరం అని ప్లాట్లమ్మేవారు చెప్పేది నగరపు తూర్పు గుమ్మం దాకానే నిజం; ఆఫీసు కుర్చీ దాకా లెక్కవేస్తే దూరం అరవై కిలోమీటర్లు దాటుతుంది. ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు 2003లో మొదలైనా ఘట్‌కేసర్‌కు చేరింది 2024లో. 2017లో ప్రారంభమైన మెట్రో ఉప్పల్ నుంచి సికింద్రాబాదు, అమీర్‌పేటల మీదుగా రాయదుర్గం దాకా వెళుతుంది గనుక, భువనగిరివాసి బస్సులో ఉప్పల్ చేరి అక్కడ మెట్రో ఎక్కవచ్చు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు సొంత కారున్నవాడికి వేరే దారి చూపుతుంది, కాని డ్రైవింగు సీట్లో గడిపిన సమయం మరి దేనికీ పనికిరాదు. పోవడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు అనుకుంటే, ఏడాదికి 250 పనిదినాల చొప్పున వెయ్యి గంటలవుతుంది. మనిషి దినానికి పదహారు గంటలు మేలుకుని ఉంటాడనుకుంటే ఏటా రెండు నెలలు, ఇరవై ఏళ్ల ఇంటి అప్పు తీరేనాటికి మూడేళ్లకు పైగా మెలకువ దారిలో ఖర్చవుతుంది. ఆ మూడేళ్లు ఏ బ్యాంకు పుస్తకంలోనూ కనిపించవు.

బ్రూనో ఫ్రే, అలోయిస్ స్టట్సర్ అనే ఇద్దరు స్విట్జర్లాండు ఆర్థికశాస్త్రజ్ఞులు, జర్మనీలో అవే కుటుంబాలను ఏళ్ల తరబడి ప్రశ్నించి సేకరించిన సమాచారాన్ని పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ ప్రస్తావించదగినది. దూరప్రయాణం చేసేవాడికి ఆ కష్టానికి సరిపడా చవక ఇల్లో, ఎక్కువ జీతమో ప్రతిఫలంగా దక్కుతుందని, కాబట్టి మొత్తంమీద అతని తృప్తి ఇతరుల తృప్తితో సమానంగానే ఉండాలని అర్థశాస్త్ర సిద్ధాంతం ఊహిస్తుంది. వారికి కనిపించింది అందుకు భిన్నం: ప్రయాణ సమయం పెరిగినకొద్దీ జీవితం పట్ల తృప్తి తగ్గుతూనే ఉంది, ప్రతిఫలం ఆ లోటును పూడ్చలేదు. ధర్మరాజు మాటకు గణాంకాల సాక్ష్యం అవసరం లేకపోయినా, అప్పు తగ్గడం ప్రవాసాన్ని పూర్తిగా పరిహరించలేదన్న సంగతి ఇక్కడ బలపడింది.

అయితే అప్పు అంటే బ్యాంకుకు కట్టవలసినదే అని ఎవరు అన్నారు? తైత్తిరీయ సంహిత బ్రాహ్మణుడు మూడు ఋణాలతో పుడతాడని చెప్పింది: ఋషులకు అధ్యయనం ద్వారా, దేవతలకు యజ్ఞం ద్వారా, పితరులకు సంతానం ద్వారా తీర్చవలసినవి. శతపథ బ్రాహ్మణం వీటికి నాలుగోదాన్ని చేర్చింది. అది మనుష్య ఋణం, అంటే తోటి మనుషులకు వసతి, అన్నం ఇచ్చి తీర్చుకోవలసిన బాకీ. ఈ నాలుగో ఋణాన్ని చేర్చినవారి చూపు ఎంతో లోతైనది, ఎందుకంటే మొదటి మూడింటినీ దూరాన ఉండి కూడా కొంతవరకు తీర్చవచ్చు; పుస్తకం రైల్లో చదవవచ్చు, దేవుణ్ణి బస్సులో తలచుకోవచ్చు. మనుష్య ఋణాన్ని మాత్రం మనిషి ఎదుట ఉండి తీర్చవలసిందే. ఇంటికి వచ్చినవారికి మంచినీళ్లు ఇవ్వడం, పక్కింటి ముసలామెను ఆసుపత్రికి తీసుకువెళ్లడం, బడి కమిటీలో కూర్చోవడం, వీధి కుళాయి సంగతి మున్సిపాలిటీలో అడగడం, పాడె మోయడం ఇవేవీ వారాంతానికి వాయిదా పడేవి కావు. ఉదయం ఆరింటికి వెళ్లి రాత్రి తొమ్మిదింటికి వచ్చే మనిషి ఆ ఊరి నీళ్లు తాగుతాడు, ఆ ఊరి రోడ్డు వాడుకుంటాడు, ఆ ఊరి చవకదనం వల్ల లాభపడతాడు. ఊరికి తిరిగి ఇవ్వవలసిన తన పాలు ఎవరు తీరుస్తున్నారన్నది అతనికి తట్టదు.

చాలా ఇళ్లలో ఆ పాలు తీరుస్తున్నది భార్య. బడికి దింపడం, అత్తమామల వైద్యం, గ్యాసు, కరెంటు, పెళ్లి పేరంటాలు, ఇలా సగభాగం పంచుకోవలసిన మరో మనిషి పనంతా ఆమె మీద పడుతుంది. ఆమెకూ నగరంలో ఉద్యోగం ఉండి, దూరం వల్ల దాన్ని వదులుకోవలసి వచ్చినప్పుడు, ఇల్లు చవకగా దొరికిందని చెప్పుకునే లెక్కలో ఆమె జీతం నష్టంగా రాసుకోవడం జరగదు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో ప్రశ్న మరింత కఠినమవుతుంది, ఎందుకంటే దూరపు ఊరు ఎంచుకోవడం వల్ల ఇద్దరిలో ఎవరి దినం ముందుగా తెగిపోతుందో సమాజం ముందే నిర్ణయించి పెట్టింది. ఈ వ్యాసంలో దేనికన్నా ముందు గుర్తించవలసిన అన్యాయం ఇదే: తన ఋణాన్ని తగ్గించుకోవడం కోసం మరొకరి మీద ఋణం మోపడాన్ని అనృణిత్వం అనడానికి వీల్లేదు.

ఇక ఊరు ఎలా ఉండాలన్న విషయంలో ప్రాచీనులు జాబితాలు కూడా ఇచ్చారు. ఎందరో తెలుగు బ్రాహ్మణ కుటుంబాలకు గృహ్య, ధర్మ విధుల్లో ప్రమాణమైన ఆపస్తంబుడు నగరప్రవేశాన్నే వర్జించమన్నాడు. బౌధాయన ధర్మసూత్రం నగరపు దుమ్ము కళ్లలో నోట్లో నిండినవాడికి సిద్ధి దుర్లభమంటుంది. ఆ బౌధాయనుడే ధార్మికుడు కోరుకోవలసిన గ్రామం ఎలా ఉండాలో చెబుతూ వంటచెరుకు, నీరు, పశుగ్రాసం, సమిధలు, దర్భలు, పువ్వులు సమృద్ధిగా ఉండాలని, రాకపోకలకు సుగమంగా ఉండాలని, కష్టపడి పనిచేసేవారు ఎక్కువగా ఉండాలని, దొంగల బెడద ఉండకూడదని లెక్కపెట్టాడు. నగరాన్ని నిందించినవాడే రాకపోకల సౌకర్యాన్ని కోరుకోవడంలో వైరుధ్యమేమీ లేదు. ఊరు మనిషిని బంధించకూడదు, అవసరమైనప్పుడు బయటికి దారి చూపాలి అన్నది అతని అభిప్రాయం. బద్దెన రచనగా ప్రసిద్ధమైన సుమతీ శతకంలోని పద్యం మరింత క్లుప్తంగా, అవసరానికి అప్పిచ్చేవాడు, వైద్యుడు, ఎడతెగక పారే ఏరు, ద్విజుడు ఉన్న ఊళ్లోనే ఉండమని, ఇవి లేని ఊరు చొరవద్దని చెప్పి, తరతరాలుగా తెలుగు పిల్లల నోట నిలిచింది.

ఆ పద్యపు కొలతలను భువనగిరి ప్రాంతానికి పెట్టి చూడటం ప్రయోజనకరం. వైద్యుడి విషయంలో ఆ ప్రాంతం అదృష్టం చేసుకుంది. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉండటం చాలా జిల్లా కేంద్రాలకు లేని సౌకర్యం. అప్పిచ్చేవాడి మాట వేరుగా చెప్పనక్కరలేదు, అతను ఇప్పుడు ఫోనులోనే ఉన్నాడు. పద్యం ఉద్దేశించింది ఆపదలో నమ్మి చేబదులిచ్చే పరిచయస్తుణ్ణి అనుకుంటే మాత్రం, ఊళ్లో పగలు ఎవరికీ కనిపించనివాడికి అటువంటివాడు దొరకడు. ఏరు సంగతే బాధాకరం. హైదరాబాదు దాటిన మూసీ ఘట్‌కేసర్ దిగువనుంచి పోచంపల్లి, వలిగొండ ప్రాంతాల మీదుగా సాగి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఏడాది పొడుగునా ఆ నది ఎడతెగక పారుతూనే ఉంది, నగరం వదిలిన మురుగుతో. ఆ నీళ్లతోనే పండిన వరి మీద, పెరిగిన పచ్చగడ్డి మీద దిగువ ఊళ్లు ఆధారపడ్డాయి. పగలంతా నగరంలో పనిచేసి రాత్రికి నది దిగువన నిద్రపోయేవాడు ఆ మురుగులో తన వాటాను కూడా తన వెంటే ఇంటికి తెచ్చుకుంటున్నాడు. నగరంలో తనకు పొరుగువారెవరో, ఊళ్లో తనకు పొరుగువారెవరో విడివిడిగా ఆలోచించే అవకాశం అతనికి లేదు.

ద్విజుడి మాట దగ్గర ఆగక తప్పదు. శతకకారుడు చదువుకున్నవాడు అన్న అర్థంలో చెప్పాడని సమర్థించేవారున్నారు, గాని బౌధాయనుడి జాబితాలో ఆర్యులు అధికసంఖ్యలో ఉండాలన్న షరతు కూడా ఉంది. దాన్ని దాచిపెట్టి తక్కిన సద్గుణాలను మాత్రం ఉదహరించడం నిజాయితీ కాదు. మంచి ఊరు అన్న భావనలోనే, ఎవరెవరు ఉండకూడదు అన్న భావన ఆదినుంచీ కలిసిపోయి ఉంది. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో డాక్టర్ అంబేడ్కర్ గ్రామాన్ని అజ్ఞానానికీ, సంకుచితత్వానికీ, మతతత్వానికీ నెలవుగా వర్ణించి తీవ్రంగా విమర్శించింది ఇందుకే. వెలివాడలో పుట్టినవాడికి మహానగరం మొదట ఇచ్చింది జీతం మాత్రమే కాదు, తన పుట్టుక ఎవరికీ తెలియని వీధిలో నడిచే స్వేచ్ఛ కూడా. నగరం వదిలి చిన్న పట్టణంలో అద్దె ఇల్లు వెదికేటప్పుడు, ‘మీరేమిట్లు?’ అని కులం అడిగే ప్రశ్న మళ్లీ గుమ్మంలో ఎదురవుతుంది. ముస్లిం కుటుంబానికైతే పేరు చెప్పగానే ఇల్లు వేరేవారికి ఇచ్చేశామన్న జవాబు రావచ్చు. నగరంలోనూ ఇది లేకపోలేదు గాని అక్కడ తప్పించుకుని వేరే వీధికి పోవడానికి చోటుంటుంది. ప్రశాంతమైన చిన్న ఊరు, పచ్చదనం, తెలిసిన మనుషులు అని చేసే వర్ణనలు ఎవరి అనుభవం ఆధారంగా పుట్టాయో అడగకుండా స్వీకరించకూడదు. ఒక ఊరు తగినదా కాదా అన్న ప్రశ్నకు, అక్కడ ఎవరైనా అద్దెకు దిగగలరా అన్నది అతి ముఖ్యమైన కొలత. తనకు ఇల్లు సులువుగా దొరికిందన్న తృప్తితో ఆగిపోకుండా, ఎవరికి దొరకలేదో కూడా కనుక్కోవలసిన బాధ్యత దొరికినవాడి మీద ఉంది.

భూమి విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. భువనగిరికి సమీపంలోని పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న వినోబా భావే సమక్షంలో వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలను భూమిలేని హరిజన కుటుంబాల కోసం దానం చేయడంతో భూదానోద్యమం మొదలైంది. ఆ ఉద్యమం ఫలితాల గురించి చరిత్రకారుల్లో భిన్నాభిప్రాయాలున్నా, భూమి ఎవరి సొత్తు, దానిమీద భూమిలేనివాడికి ఏ హక్కుంది అన్న ప్రశ్నను అది దేశమంతటా అడిగించింది. అదే నేలమీద ఈనాడు వెంచర్లు వెలిశాయి. సాగుభూమిని చదునుచేసి, గజాల లెక్కన హద్దురాళ్లు పాతి, ఎవరూ ఇల్లు కట్టకుండానే చేతులు మారే ప్లాట్లుగా చేయడాన్ని వెంచర్ అంటున్నారు. ఉండటానికి ఇల్లు కట్టుకునేవాడినీ, ధర పెరుగుతుందని కొని బీడు పెట్టేవాడినీ ఒకే గాటన కట్టడం తగదు. మొదటివాడికి ఆ నేల అవసరం ఉంది. రెండోవాడు అక్కడి కౌలురైతును, నిజంగా నివసించదలచిన తోటి ఉద్యోగిని ఇద్దరినీ దూరంగా తోస్తున్నాడు. ఊరు ఎంచుకునేవాడు తాను ఈ ఇద్దరిలో ఎవరో తనకు తాను ఒప్పుకోవడం మొదటి ధర్మం.

ఇన్ని కొలతలు పరస్పరం ఢీకొన్నప్పుడు దేనికి పెద్దపీట వేయాలన్న చిక్కుకు బౌద్ధ మజ్ఝిమ నికాయంలోని 17వ సుత్తం, వనపత్థ సుత్తం, అత్యంత స్పష్టమైన పద్ధతిని సూచిస్తుంది. భిక్షువు ఒక చోట ఉండాలా, వెళ్లిపోవాలా అన్నది రెండు విషయాలను బట్టి తేల్చుకోవాలని బుద్ధుడు అందులో చెబుతాడు: అక్కడ తన స్మృతి, అంటే ఎరుక, నిలకడ చెందుతున్నదా, చీవరం (వస్త్రం), భిక్ష, పడక, మందు అనే జీవితావసరాలు సులువుగా దొరుకుతున్నాయా. రెండూ లేని చోటును ఆ రాత్రో ఆ పగలో విడవాలి. అవసరాలు సులువుగా దొరుకుతూ స్మృతి పెరగని చోటును కూడా విడవాలి. అవసరాలు కష్టంగా దొరికినా స్మృతి పెరుగుతున్న చోట ఉండాలి. రెండూ ఉన్న చోట జీవితాంతం ఉండాలి. సుత్తం అడవితో మొదలై గ్రామానికి, పట్టణానికి, నగరానికి, దేశానికి, చివరకు ఒక వ్యక్తి సాంగత్యానికి కూడా ఇదే పరీక్షను వర్తింపజేస్తుంది. అంటే గ్రామం మంచిది, నగరం చెడ్డది అన్న ఆపస్తంబ, బౌధాయనుల విభజన దీనికి అక్కరలేదు. రెండో సందర్భమే నేటి ఉద్యోగికి వర్తించేది. ఇల్లు విశాలంగా, చవకగా, గాలి వెలుతురులతో దొరికి, దానిలో నివసించేవాడి మనస్సు మాత్రం నిత్యం అలసి, చిరాకుతో, పిల్లల మాట కూడా వినలేని స్థితికి వస్తే, ఆ చోటు విడవవలసిన చోటే. సౌకర్యం ఉన్నంత మాత్రాన ఉండాలన్న నియమం లేదని బుద్ధుడు నిర్ద్వంద్వంగా చెప్పాడు.

ఈ పరీక్ష ప్రయాణానికి కూడా వర్తిస్తుంది. నాలుగు గంటల దారి అందరికీ ఒకే రకంగా నష్టం కాదు. ముంబై లోకల్ రైళ్లలో ఉద్యోగులు భజన మండళ్లుగా ఏర్పడి పాడుకుంటూ పోవడం బాగా తెలిసిన విషయమే. కాజీపేట మార్గంలోని బండ్లలో రోజూ ఒకే పెట్టెలో కలిసేవారి మధ్య ఏర్పడే స్నేహాలు పెళ్లి పిలుపుల దాకా వెళతాయి. సీటు దొరికిన రైలులో మనిషి చదవగలడు, కునుకు తీయగలడు, మాట్లాడగలడు. కాబట్టి రెండు ఊళ్లు సమాన దూరంలో ఉన్నప్పుడు, కారు మీద ఆధారపడే హైవే పక్క ఊరికన్నా, సీజన్ టికెట్‌తో రైలెక్కగల ఊరే ఉత్తమం. ఈ తీర్పులో సందేహానికి తావు లేదు.

దూరమే దోషం అనుకోవడం కూడా తప్పే. మదీనాలో బనూ సలిమా తెగవారు తమ ఇళ్లు ప్రవక్త మసీదుకు దూరంగా ఉన్నాయని, దగ్గరికి మారాలని తలచినప్పుడు, మీ ఇళ్లలోనే ఉండండి, మీరు నడిచి వచ్చే అడుగులన్నీ లెక్కకు వస్తాయి అన్న భావంతో ప్రవక్త వారిని వారించినట్టు హదీసులు చెబుతున్నాయి. మదీనా పొలిమేరలు ఖాళీ కావడం ఆయనకు ఇష్టం లేదని కూడా వాటిలో ఉంది. ఇందులోని రెండు అంశాలు విడదీయరానివి. చేరవలసిన గమ్యం విలువైనదైతే దారిలోని అడుగు వృథా కాదు. అంచున ఉన్న వాడను నిలబెట్టడం కూడా ఒక బాధ్యతే. అయితే బనూ సలిమావారు తమ వాడలోనే పగలు గడిపేవారు, నమాజుకు మాత్రం వచ్చేవారు. నేటి ఉద్యోగి అందుకు తలకిందులుగా పగలంతా నగరానికి ఇచ్చి నిద్రను మాత్రం ఊరికి ఇస్తున్నాడు. పొలిమేరను నిలబెట్టడం అంటే అక్కడ తాళం వేసిన ఇల్లు ఉండటం కాదు.

భగవద్గీత పన్నెండో అధ్యాయంలో భగవంతుడికి ప్రియమైన భక్తుణ్ణి ‘అనికేతుడు’ అని, అంటే ఇల్లు అనే ఆశ్రయం లేనివాడని, స్థిరమైన బుద్ధి కలవాడని వర్ణించిన సంగతిని ఇక్కడ కొందరు ముందుకు తేవచ్చు. మనస్సు స్థిరంగా ఉంటే ఇల్లు ఎక్కడుంటేనేమి అన్నది వారి వాదం. ఏకాకి సాధకుడికి ఆ వాదం పూర్తిగా చెల్లుతుంది. గృహస్థుడు మాత్రం తన ఒక్కడి కోసం నివాసం ఎంచుకోవడం లేదు. అతను అనికేతుడనిపించుకోవడానికి ఇంట్లోవారు నికేతనాన్ని మోయవలసి వస్తే, ఆ అనాసక్తి వారి శ్రమ మీద నిలబడినదవుతుంది. అదే గీత తొమ్మిదో అధ్యాయంలో చెప్పిన యోగక్షేమాలకు, లేనిది సంపాదించడం యోగం, ఉన్నదాన్ని కాపాడుకోవడం క్షేమం అని శంకరాచార్యులు అర్థం చెప్పారు. నగరం యోగానికి చోటైతే, ఊరు క్షేమానికి చోటు. రెండింటి మధ్య దూరం క్షేమాన్ని ఎవరూ చూసుకోలేనంతగా పెరిగినప్పుడు, యోగం ఎంత ఉన్నా కుటుంబానికి మిగిలేది తక్కువ.

ఈ విచారణ ప్రకారం, దగ్గరలో చిన్న అద్దె ఇల్లు తీసుకుని సొంత ఇంటి ఆశను కొంతకాలం వాయిదా వేసుకోవడం, దూరాన పెద్ద ఇల్లు కట్టుకుని అందులో రాత్రులు మాత్రమే గడపడం కన్నా చాలా సందర్భాల్లో ధర్మబద్ధమైనది; సొంత ఇల్లు లేకపోవడం లోపమని తెలుగు మధ్యతరగతి ఇంతగా నమ్మడానికి గట్టి శాస్త్రాధారం కనిపించదు. దూరపు ఊరే ఎంచుకోవలసి వస్తే, అది రైలుమార్గం మీద ఉండాలి, వైద్యం అందుబాటులో ఉండాలి, అద్దె ఇంటికి కులమతాల ప్రశ్న లేకుండా ఉండాలి, వారంలో కొన్ని పగళ్లయినా ఇంటినుంచి పనిచేసే అనుమతి ఆఫీసు నుంచి ముందే పొంది ఉండాలి. ఊరు చూడటానికి ఆదివారం వెంచర్ వారి కారులో వెళ్లడం చాలదు. పనిదినాన ఉదయం అక్కడినుంచి బయలుదేరి రాత్రికి తిరిగి చేరాలి. ఆ పగలంతా ఇంట్లోవారు అక్కడి బడిని, ఆసుపత్రిని, నీళ్లను, వీధిని చూడాలి. ఆ ఊళ్లో పగలు గడపబోయేది వారే గనుక మొదటి మాట వారిదే కావాలి. వారు వద్దంటే, ధర ఎంత అనుకూలంగా ఉన్నా అడ్వాన్సు ఇవ్వకూడదు.